పల్లమెరిగినవాడు

రైలుగేటు మూసేశాక
మాకో సొరంగం ఇచ్చారు.
ఇరవైరెండు మెట్లు దిగి, నలభై అడుగులు నడిచి
మళ్ళీ ఇరవైరెండు మెట్లెక్కితే
రొయ్యల ఫ్యాక్టరీ వైపు తేలతాం.

దిగకముందే మోటారు చప్పుడు వినిపిస్తుంది.
అది ఆగిందంటే
చెప్పులు చేతిలోకి తీసుకోవాలి.

మా నేల సంగతి మీకు తెలీదు.
జానెడు తవ్వితే చెమ్మ, మూరెడు తవ్వితే ఊట.
సమాధికి గొయ్యి తీసినా
ముందు నీళ్ళు తోడి, తర్వాతే ప్రార్థన.
ఇలాంటి చోట భూమి కింద దారి గీసిన ఇంజినీరు
ఏ మెట్టదేశం వాడో, పాపం.

మోటారు దగ్గర పల్లాలరావు ఉంటాడు.
అమ్మవారి పేరు పెట్టుకున్నారు గానీ
పల్లం అతని నుదుటనే రాసుంది.
చెన్నైలో ఆరేళ్ళు
మెట్రో సొరంగంలో పనిచేసి వచ్చాడు.
డెబ్భై అడుగుల లోతున
ఓ మిషను మట్టి తింటా ముందుకెళ్ళేదంట,
వెనకాలే వీళ్ళు గోడ బిగించేవాళ్ళంట.
"స్టేషను అయ్యాక చూడాలి ఎస్తేరూ,
నేలంతా అద్దం. చెమటనేదే లేదు.
గాజు తలుపుల అవతల రైలు,
మన నీడ మన మీదికే వచ్చి ఆగుద్ది."
టిక్కెట్టు కొని ఎక్కావా అనడిగాను.
"రిబ్బను కోసే ముందురోజే
మాకు లెక్క తేల్చి పంపేశారు."
అనేసి ఫుట్‌వాల్వు కేసి వంగాడు.

తెల్లారుజాము షిఫ్టుకి
పద్నాలుగు మందిమి దిగుతాం.
చేతుల్లో క్యారేజీలు,
ఎంత తోమినా పోని రొయ్యవాసన వేళ్ళకి.
ఆఖరి మెట్టు మీద అడుగు పెట్టగానే
గొంతు సన్నం చేసి ఆడమనిషిలా అంటాడు:
"దయచేసి గమనించండి.
తరువాతి స్టేషను తలకాయలు తుంచే సెక్షను.
తలుపులు ఎడమవైపు తెరుచుకుంటాయి."
ఎడమవైపు నాచు పట్టిన గోడ.
మేం నవ్వితే ఆ నవ్వు
మాకంటే ముందే అవతలి మెట్లెక్కేస్తుంది.

పైన నర్సాపురం బండి పోతే
ట్యూబులైటు కన్నుకొడుతుంది,
కప్పునుంచి నాలుగు చుక్కలు రాలతాయి.
మంగతాయారు వాటిని నెత్తిన రాసుకుని
తీర్థం అంటుంది.

జూన్‌లో కాలవ వదిలారు.
లాకుల దగ్గర నీళ్ళు కదిలిన రెండోనాటికే
గోడ మీద తడిగీత లేచింది.
వెంకయ్య వయ్యేరు ఎక్కడో పైన పారుతుంటే
దాని ఊపిరి ఇక్కడ, సిమెంటు పగుళ్ళలోంచి.
పేపరు అక్కర్లేదు మాకు.
ఎన్ని మెట్లు తడిశాయో చూసి
ఊడ్పులు ఎందాకా వచ్చాయో చెబుతాం.

ఆ అల్పపీడనం రాత్రి
కరెంటు పోయింది. డీజిలు లేదు.
షిఫ్టు వదిలి వచ్చేసరికి
కింది అయిదు మెట్లు కనబడలేదు.
పల్లాలరావు నడుంలోతున నిలబడ్డాడు
టార్చి పళ్ళమధ్య కరిచిపట్టి
రెండు చేతులూ చాచి.
ఒకరి కొంగు ఒకరం పట్టుకుని
ఆ చేతుల మీదుగా దాటాం.
పళ్ళ మధ్య టార్చి కదా,
ఆ రాత్రి ఏ స్టేషనూ రాలేదు.
నీళ్ళలో ఏదో నా పిక్కకి తగిలి
జారిపోయింది.

నాలుగోరోజు మోటారు లాగుతుంటే చూశాం.
కొర్రమేను పిల్లలు,
అగ్గిపుల్లంతవి, ఎర్రగా, ఒకే గుంపుగా.
తల్లి ఏ బోదెలోంచి ఎలా వచ్చిందో.
"పులుసుక్కూడా రావు" అంది మంగతాయారు.
అతను మోటారాపాడు.
దోమతెర ముక్క చింపి
ఫుట్‌వాల్వుకి కట్టాడు, పురికొసతో మూడు చుట్లు.
నీళ్ళు లాగడం నెమ్మదైంది.
కాంట్రాక్టరు ఫోనులో అరిచాడు.
"నీరు పల్లమెరుగు కదండీ,
పోద్ది లెండి, నిదానంగా" అన్నాడు.

వారంనుంచి
చీలమండ లోతులోనే నడుస్తున్నాం,
పాదం ఎత్తకుండా, ఈడ్చుకుంటా,
తొక్కుతామేమోనని.

నిన్న పొద్దున మళ్ళీ గొంతు సన్నం చేశాడు.
"దయచేసి గమనించండి" అన్నాడు.
ఆపైన ఏం చెప్పాలో తోచక
నీళ్ళకేసి చెయ్యి చూపించాడు.