ఒక్క వాక్యంలో రాయమన్నారు

నారిన్ ఆఫీసు నుంచి రెండు చార్జర్లు పంపారు
ఒకే అట్టపెట్టెలో, గుర్రం మీద,
పిండి మూటకీ ఉప్పు సంచికీ మధ్య.
ఏది కొనాలో ఒక్క వాక్యంలో రాయమన్నారు.
ఫారం మీద గీత కూడా ఒక్కటే ఉంది.

ఎనిమిది గళ్ళది తెల్లది, తేలిక,
సబ్బుపెట్టెలా నున్నగా నవ్వుతుంది.
నాలుగు గళ్ళది నల్లది. ఎర్ర అంకెల చిన్న కిటికీ,
పన్నులు వసూలుచేసే గుమాస్తా చూపు.

మాకు తొమ్మిది కెమెరాలు, కనుమల్లో, రాళ్ళ సందుల్లో.
ఒక్కోదానికి ఎనిమిదేసి సెల్లు.
జనరేటరు సాయంత్రం ఆరింటికి దగ్గడం మొదలెడుతుంది,
పదింటికి పడుకుంటుంది.
ఆ నాలుగు గంటల్లోనే రేడియో, సెల్లు,
మా మిర్లాన్ భిన్నాల లెక్కలు.
డెబ్భై రెండూ నింపాలంటే
తెల్లదానికి తొమ్మిది రాత్రులు,
నల్లదానికి పద్దెనిమిది.
ఇందులో ఆలోచించేదేముంది అనుకున్నాను.

అనుకున్నాక, ఆరో నంబరు కెమెరా కార్డు వచ్చింది.
కోక్-సాయ్ కనుమకి ఎక్కడం రెండు రోజులు, దిగడం ఒకటిన్నర.
తాలాయ్ మోకాలు గుమ్మడికాయంత చేసుకుని దిగాడు.
కార్డులో నాలుగు రోజుల బొమ్మలు.
చివరిదాంట్లో ఒక తోక, తోక మీద మంచు,
ఆ తర్వాత పదకొండు వారాలు ఏమీ లేదు.
"పచ్చలైటు చూసే పెట్టావా, బేగిమాయ్?"
చూసే పెట్టాను.

అప్పుడు మందుల టేపు చింపి సెల్లకి నంబర్లు అంటించి
ఒక్కోదాన్నీ నల్లదాని ముందు నిలబెట్టాను.
పదిహేడోది పందొమ్మిది వందల పది.
పద్దెనిమిదోది ఆరు వందల నలభై.
ఇన్నాళ్ళూ పక్కపక్కనే కూర్చున్నాయి ఇవి!
తెల్లదానికి గళ్ళు ఎనిమిదే గాని గుమ్మాలు నాలుగే.
జంటకో దీపం.
చిన్న పొట్టది ముందు నిండుతుంది,
నిండాక కూడా పోస్తుంటే ఒళ్ళు కాలుతుంది,
ఆ కాక చూసి రెండోదాని ముందు నుంచీ కంచం లాగేస్తుంది.
ఒకటి పొర్లిపోయి, ఒకటి అర్ధాకలితో,
రెండింటికీ కలిపి ఒకే పచ్చలైటు.
పైన పటారం, లోన లొటారం.

తాలాయ్‌కి ఈ అంకెలేవీ అక్కర్లేదు.
సెల్లు తీసి చెంపకి ఆనించుకుంటాడు,
అప్పుడే పెట్టిన గుడ్డులాగా.
"ఇది అయింది. ఇది అబద్ధం."
పదింటికి ఏడు సరిగ్గా చెప్పాడు, రాసిపెట్టాను.
మిగిలిన మూడింటి కోసమే
తన మోకాలు పోయిందని నేను అనలేదు,
తనూ అనలేదు.

అయితే నల్లదే కొనమంటారా?
ఉండండి.
పూర్తిగా పడిపోయిన సెల్లుని అది గడప తొక్కనివ్వదు,
మూడు గీతలు చూపించి మొహం తిప్పుకుంటుంది.
తెల్లది ఎవర్నైనా రానిస్తుంది.
దానిలో పది నిమిషాలు కూర్చుని ప్రాణం తెచ్చుకుని వస్తే
అప్పుడు గుమాస్తా గారు కూడా కుర్చీ చూపిస్తారు.
అలా పదకొండు సెల్లు లేచాయి.
కొత్తవి కొంటే ఎంతవుతుందో మీకు తెలుసు, నాకు తెలీదు.

ఆరు వందల నలభైదాన్ని పారేయలేదు.
అది గోడ గడియారంలో ఉంది,
రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోంది,
తప్పు సెల్లుదో గడియారానిదో చూడాలి.

ఫారం మీద గీత సరిపోక వెనక్కి తిప్పి రాశాను:
రెండూ ఇక్కడే ఉంచుకుంటాం,
రాత్రికి ఇంకో రెండు గంటల డీజిలు పంపండి,
ఆరో నంబరుకి మోకాళ్ళు బాగున్న మనిషిని పంపండి.
నాలుగో సంగతి ఏదో ఉంది, అది రాయబోతుండగా
పదయింది.
ఎర్ర అంకెలు ఆరిపోయాయి.
నలభై ఒకటోది ఎంతో చూసుకోలేదు.