గింజకు నాలుగో పేరు

ఒహాయోలో మంచుకు తొందరెక్కువ.
కాలేజీ వెనక వీధిలో, లాండ్రీకి ఎదురుగా
పసుపు రంగు వెలిసిన చెక్క ఇల్లు.
అందరూ కాసా అంటారు దాన్ని.
కాసా అంటే ఇల్లే.
ఈ ఇంటికి ఇంటిపేరు కూడా ఇల్లే.

పదకొండు మందిమి. రెండు బాత్రూములు.
మూడో మెట్టు మీద కాలు పడితే చాలు
ఎవరు ఎన్నింటికి వచ్చారో పై అంతస్తుకంతా తెలుస్తుంది.

దరఖాస్తులో ఒక ప్రశ్న ఉండింది:
ఈ ఇంట్లో ఎందుకు ఉండాలనుకుంటున్నారు?
నా భాష వినబడే చోట నిద్రపోవాలని, అని రాశాను.
అబద్ధం.
చాలా బాగుందన్నారు. గది ఇచ్చారు.

రెండో వారంలోనే కొట్లాట, చిక్కుడు గింజల దగ్గర.
ఫ్రిజ్ తలుపు మీద తెల్ల బోర్డు, సరుకుల జాబితా.
టెక్సాస్ సరిహద్దు కుర్రాడు నసారియో
ఫ్రిహోలెస్ అని రాశాడు.
బ్రాంక్స్ పిల్ల సియోమారా అది కొట్టేసి
అబిచ్వేలాస్ అని దిద్దింది.
చిలీ తల్లి కూతురు మైటే, ఎవరూ చూడనప్పుడు,
కింద సన్నగా, పొరోతోస్.
నలుపా, ఎరుపా, చక్కెర వేయాలా వద్దా,
గరిటెలు పట్టుకుని రాత్రి పదింటి దాకా వాదన.
నేను ఉల్లిపాయలు తరుగుతాను.
ఉల్లిపాయలు తరిగే మనిషిని ఎవరూ ఏమీ అడగరు,
కళ్ళెందుకు ఎర్రబడ్డాయని కూడా.

నా స్పానిష్ బడిలో నేర్చింది కాదు, ఇంట్లో నేర్చిందీ కాదు.
నెబ్రాస్కాలో, మాంసం ఫ్యాక్టరీ పార్కింగులో
నాన్న తోటివాళ్ళ నోటి నుంచి ఏరుకున్నది.
బూతులు బాగా వచ్చు.
క్రియలే కాళ్ళ కింద జారిపోతాయి.

"నీ స్పానిష్ అదోలా ఉంటుంది ఒబ్దులియా,
నువ్వు ఇంగ్లీషు పిల్లవేలే," అంది సియోమారా ఒకసారి,
నొప్పించాలని కాదు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
చెప్పాల్సిన మాట నాలుక కిందికి దూరి ముడుచుకుంది.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, రెండు దాటాక,
లెక్కల పరీక్ష పోయిన దుఃఖంలో
నసారియో ఎండుమిరపకాయలు పెనం మీద వేశాడు.
ఘాటు మెట్లెక్కింది. అలారం ఇల్లంతా అరిచింది.
పదకొండు మందిమీ మంచులో,
చెప్పుల్లేని కాళ్ళు, దుప్పట్లు, ఆగని దగ్గు.
ఫైరింజన్ పెద్దాయన హెల్మెట్ తీసి
మూడుసార్లు తుమ్మి,
ఏం వండారో రాసుకోవడానికి కాగితం వెతుక్కున్నాడు.

అప్పుడు మోగింది నా ఫోను. అమ్మ.
రెండో షిఫ్టు దిగే వేళ. రోజూ అదే వేళ.
రోజూ లాండ్రీ మెట్ల మీద కూర్చుని గుసగుసగా మాట్లాడతాను.
ఆ రాత్రి గుసగుసకు చోటే లేదు,
తియ్యకపోతే అమ్మ భయపడుతుంది.
తీశాను.
కిచే భాష.
గొంతు లోపల తలుపు మూసి
టక్కున తెరిచినట్టుండే మాటలు,
మా కొండల మీద స్పానిష్ ఓడ దిగకముందు నుంచీ ఉన్నవి.
"ఇల్లు తగలబడలేదమ్మా. మిరపకాయలంతే."

దగ్గు ఆగింది.
ఎవరూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనుంటే బాగుండేది.
సియోమారా తన దుప్పటి అంచు నా పాదాల మీదికి తోసింది.
క్షమాపణో, ఊరికే చలో, ఇప్పటికీ అడగలేదు.

తెల్లారి బోర్డు మీద, మూడు పేర్ల కింద
ఎవరో ఒక గీత గీసి ఖాళీగా వదిలారు.
పెన్ను దారానికి వేలాడుతోంది.
చిక్కేమిటంటే
ఆ మాట నేను ఎన్నడూ రాయలేదు, తిన్నానంతే.
మా ఇంట్లో దానికి అక్షరాలు లేవు, ఆవిరి ఉంది.
విన్నది విన్నట్టు, కినక్ అని రాసి
చివర గొంతు మూసుకునే చోట
చిన్న కొక్కెం తగిలించాను.

రాత్రి ఫోనులో చెప్పాను అమ్మకి.
చదువురాని అమ్మ చాలాసేపు ఆలోచించి
"గింజలు అయిపోయాయా బిడ్డా?" అంది.

నెలాఖరుకు పార్సిలొచ్చింది.
నాలుగు కిలోలు, నల్లవి, చుట్టూ ఫ్యాక్టరీ టేపు.
ఆ ఆదివారమే వండాం.
చక్కెర సంగతి మాత్రం
ఇంకా తేలలేదు.