తుమ్మలపెంట ఖర్చు కాగితం

షుగరు రిపోర్టు వెనక తెల్లగా ఉంటే
దాని మీద రాశాను:
మన దగ్గరున్నది నలభై ఆరు వేలు.
నీ బండి అమ్మితే వచ్చిన పన్నెండు,
నేను చీటీ పాడిన ముప్పై నాలుగు.

కావలి ట్రంకు రోడ్డులో ఏసీ హాలాయన
ఒక్క పూటకి తొంభై అన్నాడు, కరెంటు వేరే.
మెట్లు దిగేటప్పుడు నువ్వేం మాట్లాడలేదు.
బయట చెరుకురసం తాగతా
"సముద్రానికి అద్దె ఎవరికి కట్టాలో" అన్నావు.
నవ్వులాటకే అన్నావు మాలకొండయ్యా.
గ్లాసు అడుగున ఐసుముక్క కరిగేలోపల
నాకది నిజమై కూర్చుంది.

కుర్చీలు నలభై, ఒక్కోటి ఏడు రూపాయలు.
కొట్టేశాను.
ఇసకలో కాళ్లు దిగబడతాయి,
మస్తానమ్మత్త బరువుకి మరీను.
పట్టలు పరుద్దాం. మోకాళ్ల నొప్పులోళ్లకి
ఒడ్డున బోర్లించిన పడవ ఉండనే ఉంది.
పూల డెకరేషను పదిహేను వేలు. కొట్టేశాను.
పోలేరు తన పాత వల ఇస్తానన్నాడు,
నీలం రంగుది, అక్కడక్కడా చిరుగు.
చిరుగు చిరుగుకీ కనకాంబరాలు గుచ్చుతానంది రమీజా.
జాకెట్టు కుట్టినందుకు డబ్బులొద్దంట,
పులుసులో తలకాయ మాత్రం తనకే ఉంచాలంట.

శుభలేఖలు పదే, ల్యాబు కవర్లలో పెట్టి పంపాను.
ఏం రిపోర్టొచ్చిందోనని మీ పెదనాన్న
కవరు విప్పకుండా
గంటసేపు మంచమ్మీద కూర్చున్నాడంట.

పులుసు గురించే మూడు రోజులు నడిచింది.
పెళ్లిలో నీసేందని ఆయన,
సముద్రం పక్కన పప్పుచారేందని మా చిన్నాన్న.
"తాళి కట్టిందాకా పులిహోర, కట్టినాక పులుసు"
వక్కాకు నములుతా తీర్పు చెప్పింది మా అమ్మ.
వంజరం మన వల్ల కాదు.
ఆ రోజు వలలో ఏది పడితే అది,
పుల్ల మామిడికాయేసి.
అంటే మన పెళ్లి విందు
ఇప్పుడు నీళ్లలో ఈదుతా ఉంది,
దానికింకా పిలుపు అందలేదు.

పంతులుగారు పున్నమి రాత్రికి పెట్టారు,
తొమ్మిదీ పన్నెండుకి, దివ్యమైన లగ్నమన్నారు.
పోలేరుకి చెబితే
వేళ్లు మడిచి లెక్కేసి
సరుగుడు తోపు వైపు చూశాడు.
"ఆ పొద్దు పోటు ఈడిదాకా వస్తాదబ్బయా.
తలంబ్రాలు మీరు పొయ్యబన్లేదు, అదే పోస్తాది."
మళ్లీ పంతులుగారి గడప ఎక్కాం.
ఆయన కళ్లజోడు తుడుచుకుని
"దానిదీ పంచాంగమే లేమ్మా" అని
సప్తమినాటి గోధూళికి మార్చారు.
దక్షిణ మాత్రం తగ్గించలేదు.

ఆదివారం సందేళ ఒకసారి కట్టి చూద్దామని పోయాం.
మూడు పాత చీరలు కలిపి కుట్టిన పందిరిగుడ్డ
మొదటి గాలికే లేచి
ఎండబోసిన నెత్తళ్ల మీద పడింది.
ఉతికినా పోని వాసన.
"ఇంక మాలో కలిసిపోయినట్టే మేయ్"
పోలేరు పెళ్లాం పడీ పడీ నవ్వింది,
చీర మార్చుకోను తన ఇంట్లో గది చూపించింది.
అప్పుడు గుర్తొచ్చింది:
ఎనభై మందికి తాగే నీళ్లు
కాగితంలో ఎక్కడా రాయలేదు.
ఎదురుగా అంత సముద్రాన్ని పెట్టుకుని
నీళ్లే మర్చిపోయాను.
ఆరు క్యాన్లు, ఆటో బాడుగ.
అప్పటికే మూలలు తడిసి
అంకెలు ఒకదాంట్లోకొకటి దిగుతున్నాయి.

చీకటి పడినాక గుంజలు.
యూరియా సంచిలో ఇసక నింపి
గుంజ కాలికి కట్టి మోకాటి లోతున పూడ్చావు.
నేను ఫోను లైటు పట్టుకున్నాను.
ఎండ్రకాయొకటి గుంటలోకి తొంగిచూసి పోయింది.
"ఊపి చూడు" అన్నావు.
రెండు వేళ్లతో ఊపాను.
"అట్లా కాదు. నీ బలమంతా పెట్టు."
చెప్పులు విడిచి, భుజం ఆనించి
మడమలు ఇసకలో దిగేదాకా నెట్టాను.
కొంచెం కదిలింది.
కదిలిందని నేను చెప్పలేదు, నువ్వు చూశావు.
పార మళ్లీ చేతిలోకి తీసుకుని
"ఇంకో అడుగు తవ్వుదాం" అన్నావు.