తెట్టు గేటు దగ్గర

మళ్లీ పడింది గేటు.
వెనక డబ్బాల్లో కరేడు రొయ్య.
ఐసు కరిగి చుక్కచుక్కగా
తారు మీద నా తొందరని రాస్తా ఉంది.

ఇంజను ఆపేశా.
ముందు పొగాకు బేళ్ల ట్రాక్టరు,
పక్కన స్కూటీ మీద ఎవరో పంతులమ్మ,
హెల్మెట్ తీసి చెవి వొగ్గి
పట్టాల వైపే వింటా ఉంది.

గూడ్సు పోయింది.
అరవై పెట్టెలు, లెక్కపెట్టా.
ఆఖరిది గేటు దాటిందో లేదో
అందరం ఒక్కసారే తాళాలు తిప్పాం.
గేటు లేవలా.

"ఏమ్మా చెంచమ్మా, నిద్రపోయావా?"
ఒక కుర్రాడు బైకు వంచి
కమ్మీ కింద తల దూర్చాడు.

ఆమె అరవలేదు.
ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కి
స్టేషను చెప్పిన అంకెలు రాసుకుంటూనే
ఎర్రజెండా కర్రతో
వాడి హ్యాండిల్ మీద టక్కున కొట్టింది.
"ఇంకోటుంది అబ్బయ్యా."

అంతే.
గూడ్సు తోక చాటు నుంచి
రెండో లైను మీద
హారను కంటే ముందు గాలి వచ్చింది.
వాడి చొక్కా గుండీలు ఊడేంత గాలి.

గేటు లేచాక
ఎవరం హారన్ కొట్టలేదు.
వాడే ఆఖరున దాటాడు,
బండి దిగి, తోసుకుంటూ,
అటూ ఇటూ చూసి,
ఖాళీ పట్టాలకి కూడా దోవిచ్చి.

ఐసు ఇంకా కారతానే ఉంది.
కారనీ.