చూపుడువేలికి కత్తెర

గుంటూరులో ఉన్ని గ్లౌజులు అడిగితే
ఎవరైనా ముందు నవ్వుతారు.
"రోళ్లు పగిలే ఊరండీ ఇది,
చేతులకి చొక్కాలెందుకు?" అన్నాడు
నాజ్ సెంటర్లో హెల్మెట్లు అమ్మే కుర్రాడు.
వాడు చూసి ఉండడు
ధనుర్మాసంలో, తెల్లారగట్ల నాలుగున్నరకి
ఉప్పలపాడు చెరువు గట్టుని.

నీళ్లలోంచి లేచిన మంచు
చొక్కా గుండీల దాకా వచ్చి కూర్చుంటుంది.
రెండు కిలోల లెన్సు
రాత్రంతా బావిలో దింపి ఉంచిన బిందెలా ఉంటుంది.
నిరుడు ఈ గట్టు మీదే,
గూడబాతు పిల్ల తలంతా తల్లి గొంతుసంచిలో దూర్చి
మేత లాక్కుంటుంటే,
వేలు నొక్కాననుకుంది,
మీట ఎవరూ నొక్కలేదనుకుంది.
ఈ తగువు తీరేలోగా పిల్ల తల బయటికి తీసేసింది.

నేను పెళ్లిళ్ల ఫొటోలు తీసి బతికేదాన్ని.
పక్షులు నా ఆదివారాలు.
అవి పాపిట సర్దుకోవు,
"మెడలో గొలుసు కనపడాలి మేడమ్" అనవు.

మొదట బైకువాళ్ల తోలువి కొన్నాను, ఆరొందలు.
పిడికిలి మీద గట్టి చిప్పలు.
కొట్లాటకి బయల్దేరినట్టుంది గానీ
ఫోకస్ రింగు ఎటు తిరుగుతోందో తెలియదు.

తర్వాత మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసే దావీదు
తెల్ల నూలువి ఇచ్చాడు.
"రెండుసార్లు ఉతికానక్కా."
రెండుసార్లు ఉతికితే పోయే ఘాటైతే
ఈ ఊరికి ఆ పేరెందుకు?
గట్టు మీద ఒక్కసారి కన్ను తుడుచుకున్నాను.
ఆ పొద్దున ఎర్రకాళ్ల కొంగలన్నీ
నేను ఏడుస్తుండగానే లేచి వెళ్లిపోయాయి.
కాపలా ముసలాయన దగ్గరకొచ్చి, మెల్లగా,
"ఇంట్లో ఏమన్నా గొడవా తల్లీ?" అన్నాడు.

కాలేజీ గోడ పక్కన, కార్తీకం రాగానే
స్వెట్టర్లు పరిచే డోల్మాకి
బేరానికి సరిపడా తెలుగొచ్చు.
నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పింది,
"ఏం పని?"
గాల్లో కెమెరా ఎత్తి, ఒక కన్ను మూసి,
చూపుడువేలు వంచి చూపించాను.
ఆమె మొహం మాడిపోయింది.
"పిట్టల్నా?"
"పిట్టల్నే."
అలా అన్నాక గానీ అర్థం కాలేదు నాకు,
ఆమె తుపాకీని చూస్తోందని.
గబగబా ఫోన్ తీసి గూడబాతుని చూపించాను.
చాలాసేపు చూసింది.
మూట అడుగు నుంచి బూడిదరంగు జత లాగింది:
రెండు పొరల ఉన్ని, మణికట్టు దాటి మూరెడు,
అరచేతిలో తోలు అతుకు.
"మా అమ్మ అల్లింది. చిరగదు."
బేరం ఆడలేదు నేను.
ఆడానులే. ఇరవై తగ్గించింది.

"కొత్తవాటిని కోయమంటావేంటే?" అంది మస్తాన్‌బీ.
పాతికేళ్లు గోతాలు కుట్టి
ఇప్పుడు జాకెట్లు కుడుతోంది.
"వేలికి మీట తగలాలి పిన్నీ."
"పనిచేసే వేలికే గుడ్డ చాలదెప్పుడూ,"
అంటూ రెండో కణుపు దగ్గర కత్తెర పెట్టింది.
ఆమె చూపుడువేలు చూశాను:
దబ్బనం పోట్లతో జల్లెడ.
తెగిన ఉన్ని కొసని పారెయ్యలేదు,
ఒక పక్క దారంతో తగిలించింది,
టోపీలా తియ్యొచ్చు, పెట్టొచ్చు.
ముప్ఫై రూపాయలు.

ఈ ఆదివారం గట్టు మీద
తొమ్మిది వేళ్లు వెచ్చగా నిద్రపోతున్నాయి.
పదోది టోపీ కింద మేలుకుని ఉంది.
తుమ్మల మీద గూడబాతు రెక్కలు దులిపింది,
పిల్ల మెడ చాచింది.
టోపీ తీశాను.
చలి ఆ ఒక్క వేలినే వెతుక్కుంటూ వచ్చి కరిచింది.
మీట తగిలింది. చప్పుడు వినపడింది.

ఇంటికొచ్చి చూస్తే
ఫొటో కాస్త కదిలింది.
ఈసారి తప్పు చలిది కాదు.