అరవై, నలభై

ముందు వెనక సీటు ఊడదీశాను.
నాలుగు బోల్టులు, పద్దెనిమిది నంబరు పానా.
మూడు మాట విన్నాయి.
నాలుగోది పదకొండేళ్ళ తుప్పుతో
పళ్ళు బిగబట్టి కూర్చుంది.
రాత్రంతా నూనెలో నానబెట్టి
తెల్లారి బతిమాలితే కీచుమని ఒప్పుకుంది.

సీటు కింద
ఎండు ద్రాక్షలు ఏడు, ఒక చిన్న మేజోడు,
సగం అరిగిన ఆకుపచ్చ క్రేయాన్.
మేజోడు జేబులో పెట్టుకున్నాను.
క్రేయాన్‌తో గీత గీశాను,
ముందు అట్ట మీద, తరవాత చెక్క మీద.

నేను కాలువ లస్కరుని.
ఐడహోలో, గుడింగ్ దగ్గర, ఇరవై రెండు మైళ్ళ కాలువ,
అరవై మూడు తూములు.
ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా
ఎవరి పొలానికి ఎన్ని గంటలో
వంతులు రాసి, నీళ్ళు వదిలి, కట్టేసి,
తిట్లు తిని ఇంటికొస్తాను.
పారలు, తొడల దాకా బూట్లు, నాచు లాగే కొంకి,
వీటి మధ్య ఒక ముసలి కుక్క.
బెల్ట్సా దాని పేరు, మా బాస్కు మాటలో నల్లది అని.
నడుం పడిపోయాక అది సీటు మీద నిలవలేకపోయింది.
బ్రేకు వేసినప్పుడల్లా కింది సందులోకి జారి
తప్పు నాదే అన్నట్టు చూసేది.
నాదే.

అందుకని బల్ల.
ముప్పావంగుళం ప్లైవుడ్, తలుపు నుంచి తలుపు దాకా.
బండి నేల చదునుగా ఉంటుందనుకునేవాళ్ళు
ఎప్పుడూ కొలిచి ఉండరు.
మధ్యలో మూపురం, ఎడమ పక్క జాకీ గూడు,
ముందుకి వాలు, వెనక గట్టు.
నాలుగు కాళ్ళకి నాలుగు పొడుగులు:
తొమ్మిదింబావు, తొమ్మిదిన్నర, పదకొండు,
పదకొండుకి ఒక నూలు తక్కువ.
కోసి, పెట్టి, తీసి, మళ్ళీ కోసి,
ఆరో అట్టకి గానీ బండి తన ఆకారం చెప్పలేదు.

పక్క పొలం ఆర్డెల్ వచ్చి చూశాడు.
"ఇనప చట్రం చేసి వెల్డింగ్ పెట్టేస్తా, గంట పని.
నీ మనవల దాకా కదలదు" అన్నాడు.
కదలాలి, అన్నాను.
రెండో శుక్రవారం, నాలుగో శుక్రవారం,
సాయంత్రం నాలుగింటికి కదలాలి.
ఆదివారం రాత్రి మళ్ళీ ఎక్కాలి.
అతను టోపీ సర్దుకున్నాడు.
కోర్టు కాగితం ఊళ్ళో అందరూ చదివినట్టే లెక్క.

కాబట్టి బండికి కొత్త చిల్లు ఒక్కటీ వేయలేదు.
సీటు బోల్టుల చిల్లులే బల్లకీ.
చెవుల బోల్టులు, వేళ్ళతో తిప్పేవి.
గడియారం పెట్టుకుని సాధన చేశాను,
బల్ల దించి, సీటు ఎక్కించి, పానాతో బిగించి:
పంతొమ్మిది నిమిషాలు.
నీళ్ళ వంతుల పుస్తకంలోనే ఓ మూల రాసుకున్నాను.

తీరా నా వంతు శుక్రవారం
పద్నాలుగో తూము దగ్గర గట్టు తెగింది.
ఒళ్ళంతా బురదతో నేను, కొట్టంలోనే సీటు,
వాళ్ళమ్మ కారు గంట ముందే వచ్చేసింది.
నెరేయా వెనక తలుపు తీసింది. ఏడేళ్ళది.
బల్లనీ, బల్ల మీది కార్పెట్నీ, కార్పెట్ మీది కుక్కనీ
ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.
"బాగుంది నాన్నా" అంది.
కాళ్ళు ఊపుకుంటూ కాసేపు ఆ అంచు మీదే కూర్చుంది.
"నేను లేనప్పుడు నా చోటు ఎక్కడుంటుంది?"

కొట్టంలో, టార్పాలిన్ కింద, ఎలకలకి అందకుండా,
అని నోటిదాకా వచ్చింది.

ఆ రాత్రి అది పడుకున్నాక బల్లని రంపం కింద పెట్టాను.
ఆ సీటు పుట్టుకతోనే రెండు ముక్కలు,
అరవై వంతొకటి, నలభై వంతొకటి.
ఆరు అట్టలు కోసినవాడికి ఇది తట్టలేదు.
అరవై వైపు బల్ల.
నలభై వైపు సీటు,
ఎండైనా, మంచైనా, అది బోయిసీలో బడిలో ఉన్నా.
కుక్కకి ఇరుకే. పారలు వెనక తొట్టిలోకి పోయాయి.
కోసిన అంచు కొంచెం వంకర.
తిరగేస్తే ఆకుపచ్చ గీత ఇంకా కనిపిస్తుంది,
పాత వెడల్పుది, తెగినచోట ఆగిపోయి.

కంకర దారిలో ఆ సీటు బెల్టు
టకటకా కొట్టుకుంటుంది.
బండి ఆపి, వెనక్కెళ్ళి, ఖాళీ మీదుగా బకిల్ పెట్టి
మళ్ళీ బయల్దేరతాను.
తూము దగ్గర చక్కెర దుంపల రైతు తొంగి చూసి
"ఎవరికోయ్ అది?" అంటాడు.
నీళ్ళు వదలనా, వద్దా చెప్పు, అంటాను.