పొట్ట కింద నీడ

వెలిగండ్ల దాటాక రోడ్డు తెల్లగా మండుతోంది.
పశుగణన మీద వచ్చాను, చేతిలో ట్యాబు.
అందులో గడులున్నాయి:
పోతు, గొర్రె, ఆరు నెలల లోపు పిల్ల.
ఏం తింటాయో అడగదు.
ఏ రాత్రి ఎవరి చేలో పడుకుంటాయో అడగదు.

మాలకొండయ్య మందని రెండుసార్లు ఎంచాను,
రెండు అంకెలొచ్చాయి.
"నాకు మొకాలు తెలుసు గానీ
లెక్క తెలవదబ్బయా" అన్నాడు.

మా సుచరిత ఎనిమిదో తరగతి.
మొన్న ఆదివారం కూర గిన్నె పక్కకి నెట్టింది.
"గొర్రె తేన్చితే భూమి వేడెక్కుద్ది నాన్నా.
నువ్వు ఎంచినవన్నీ కలిపితే ఎన్ని తేన్పులు?"
నవ్వాను.
తర్వాత ముక్క గొంతు దిగలేదు.
అయినా మింగాను.

ఆ మాట మాలకొండయ్యకి చెప్పాను,
సర్కారు తుమ్మ కింద, జల్లెడ లాంటి నీడలో.
పెంచలమ్మ మేకపాల టీ పోసింది.
అతనికి కోపం రాలేదు. మంద వంక చూశాడు.
ఒకటి నిజంగానే తేన్చి,
మింగిన దాన్ని మళ్ళీ నోట్లోకి తెచ్చుకుంది.
"ఏముంది అందులో? తుమ్మకాయ, ఎండుగడ్డి.
నువ్వూ నేనూ తినలేంది."

మేత కరువైతే పెన్న పక్కకి తోలుకుపోతాడట.
కోసిన మాగాణిలో మంద కడితే
రైతు రాత్రికింతని వడ్లు కొలుస్తాడు.
అదే మడిలో నీళ్ళు నిలిచినప్పుడు
బురద బుడగలు బుడగలుగా ఊపిరి వదులుతుందనీ,
ఆ గాలీ ఈ తేన్పూ ఒకటేననీ
ఎక్కడో చదివాను. చెప్పలేదు.
అన్నం కూడా మానమంటే
ముందు ఎదురు తిరిగేది నా నోరే.
మా అత్తగారింటి నుంచి ఏటా
మొలగొలుకులు వస్తాయి, రెండు బస్తాలు.

ఇక్కడి బీడు జామాయిల్ తోటయింది.
అవతల సోలారు పలకలు,
చుట్టూ కంచె, మంద మూడు మైళ్ళు చుట్టు తిరగాలి.
మంచి కరెంటే.
కంచె సంగతి ఎవరికీ పట్టలేదు.

"నువ్వెప్పుడు తింటావు మాంసం?" అడిగాను.
"కొలుపుకి. ఏదన్నా కాలిరిగి చస్తే."
ఆగి, "నువ్వో?" అన్నాడు.
ఆదివారం, బుధవారం,
ఆఫీసులో ఎవరికి ప్రమోషన్ వచ్చినా,
కనిగిరిలో ఏ పెళ్ళి జరిగినా.
ఆ పెళ్ళిళ్ళలోనే చూశాను, అర్ధరాత్రి
బకెట్లకి బకెట్లు బిర్యానీ గుంటలో పొయ్యడం.
ట్యాబులో నాకు గడి లేదు కాబట్టి
టీ చల్లారిందన్నాను.

"మీ పాప చెప్పింది తప్పు గాదులే.
అందరూ మానేస్తే నా పోతుల్ని ఎవరు కొంటారా అని
నా బాధ నాది.
ఎండ మాత్రం అబద్ధం గాదు.
పోయిన రోహిణికి తొమ్మిది పిల్లలు
నిలబడ్డయి నిలబడ్డట్టే కూలినాయి."

మిట్టమధ్యాహ్నం.
గొర్రెలు ముద్దగా చేరి
ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చాయి.
ప్రతిదీ పక్కదాని నీడలో ఉన్నాననుకుంటోంది.
వీపులన్నీ ఎండలోనే.
కదలకుండా నిలబడ్డాయి కదా, లెక్క సులువైంది.
వీపులు ఎంచాను. నూట నలభై మూడు.

ఆదివారం కరీముల్లా కత్తి ఎత్తి ఆగాడు.
"అర కిలోనేనా సార్? పాప ఊళ్ళో లేదా?"
"ఉంది" అన్నాను.
కారణం చెబుదామంటే
వెనక పది మంది నిలబడి ఉన్నారు.

ఇంటికొచ్చాక సుచరిత పొట్లం అందుకుంది,
అరచేతిలో బరువు చూసింది,
ఏమీ అనలేదు.
గోడ మీద ఏసీ
పద్దెనిమిది దగ్గర గురక పెడుతోంది.
తలెత్తి అటు చూసింది.
రిమోటు కోసం చుట్టూ వెతికింది.
నేను దాని మీదే కూర్చుని ఉన్నాను.